తుఫాను రోజుల్లో మద్రాసు నుంచి ఊరికి: దారి ఎక్కడ తెగుతుందో ముందే లెక్క వేసుకోవడం ఎలా

కార్తీక మాసం వచ్చిందంటే చెన్నైలో ఉండే నెల్లూరు వాళ్లకి రెండు ఫోన్లు తప్పవు. పొద్దున అమ్మ చేస్తుంది: "ముసురు పట్టింది, ఇప్పుడు రావద్దు." సాయంత్రం నాయన చేస్తాడు: "చప్టా మీద నీళ్లు తీసినాయిలే అబ్బయ్యా, రా." ఈ రెండు ఫోన్ల మధ్య ఏం చెయ్యాలో తెలియక పెరంబూరులోనో కొళత్తూరులోనో బ్యాగు సర్దుకుని కూర్చునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తడ, సూళ్లూరుపేట, కోట, వాకాడు, చిల్లకూరు వైపు సముద్రం పక్క పల్లెల్లో పెద్దవాళ్లున్నవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. కావలి వాళ్లకీ పనికొస్తుంది, దారిలో ఏళ్ల పేర్లు మారతాయంతే.

మా ఊరి మీదికి తుఫాను నేరుగా వచ్చింది నా ఎరుకలో రెండు మూడు సార్లే. ఊరికి దారి తెగింది మాత్రం దాదాపు ప్రతి ఏడూ. అందుకని తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్న దానికంటే, మీకూ ఊరికీ మధ్య ఏ చప్టా ఎప్పుడు మునుగుతుందన్నదే ముందు తెలియాలి.

1. ఎండ ఉండగానే తడిచే చోట్ల కాగితం రాసుకోండి

ఈ పని సెప్టెంబరులో చెయ్యాలి. ఒక కాగితం తీసుకుని, చెన్నైలో మీ వీధి నుంచి ఊళ్లో మీ గడప దాకా దారి నీళ్లను దాటే ప్రతి చోటూ వరసగా రాయండి. ఫోన్లో మ్యాపు చూసి రాస్తే పని జరగదు. మ్యాపులో పెద్ద వంతెనైనా, రెండు తూముల చప్టా అయినా ఒకే గీత. ఊరి ఆటో అతన్ని అడగండి, తెల్లారుజామున వచ్చే పాల వ్యాను డ్రైవర్ని అడగండి, ఆ రూటులో ఏళ్లుగా తిరుగుతున్న ఆర్టీసీ కండక్టర్ దొరికితే ఇంకా మంచిది.

ఒక్కో చోటు గురించి మూడు విషయాలు కనుక్కోండి. ఎంత వానకి మునుగుతుంది? మునిగితే ఎన్నాళ్లు? ఆ నీళ్లు ఎక్కడివి? మూడోది చాలామంది అడగరు, కానీ అసలు సంగతంతా అందులోనే ఉంది. రోడ్డు మీద పడిన వాన నీళ్లయితే ఒక పూటలో తీసేస్తాయి. చెరువు కలుజు (నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు) పారి వచ్చే నీళ్లు వాన వెలిసినా రెండు మూడు రోజులు తగ్గవు. ఏటి నీళ్లయితే మీ ఊళ్లో చినుకు పడకపోయినా వస్తాయి, పైన కొండల్లో పడితే చాలు. ఇక సముద్రం పక్క పల్లెలకి ఇంకో చిక్కుంది. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకి తోస్తున్నప్పుడు, అమావాస్య, పౌర్ణమి పోటు కూడా కలిసిందంటే, ఏళ్ల నీళ్లూ కాలవల నీళ్లూ సముద్రంలో కలవలేక వెనక్కి తన్నుతాయి. పోటు తగ్గిందాకా పొలాల్లో, రోడ్ల మీద అట్టే నిలబడిపోతాయి. దానికి తోడు మా వైపు రొయ్యల గుంటల కట్టలు పాత కాలవలకి అడ్డం పడి, ఒకప్పుడు మునగని చోట్లు ఇప్పుడు మునుగుతున్నాయి. పదేళ్ల కిందటి జ్ఞాపకం మీద ఆధారపడకండి.

మా కాగితం ఎట్టా ఉంటుందో చెప్తాను. హైవే మీద కారనోడై దగ్గర కొసస్తలై ఏరు, అది దాటాక ఆరణి ఏరు, సూళ్లూరుపేటలో కాళంగి, నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి. పూండి రిజర్వాయరు గేట్లెత్తితే కొసస్తలైకి, పిచ్చాటూరు చెరువు వదిలితే ఆరణికి నీళ్లొస్తాయి. వీటన్నిటి మీదా పెద్ద వంతెనలున్నాయి కాబట్టి నాకు ఎప్పుడూ పెద్దగా అడ్డం రాలేదు. హైవే దిగాక మిగిలిన పద్నాలుగు కిలోమీటర్లలో రెండు చప్టాలు, ఒక చెరువు కట్ట, రొయ్యల గుంటల పక్కన ఒక పల్లం. నన్ను ఆపేది ఎప్పుడూ ఆ నాలుగే. ఊరి చివరి రోడ్డు అన్నిటికంటే ముందు మూతపడుతుంది, అన్నిటికంటే ఆఖరున తెరుచుకుంటుంది. టీవీలో "జాతీయ రహదారిపై రాకపోకలు యథాతథం" అని చెప్పినంత మాత్రాన మీరు ఇల్లు చేరినట్టు కాదు.

పులికాట్ సరస్సు పక్కవాళ్లకి లెక్క వేరే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు వైపులా నీళ్లే, గాలికి అడ్డమేమీ ఉండదు. ఇరకం దీవి లాంటి చోట మీ వాళ్లుంటే దారి అంటే పడవే. గాలి లేస్తే పడవ కదలదు. అట్టాంటి వాళ్లు మిగతా వాళ్లకంటే ఒక రోజు ముందే దారి తెగుతుందని లెక్క వేసుకోవాలి.

2. వార్తల్లో మాటల్ని దారి భాషలోకి మార్చుకోండి

అల్పపీడనం బలపడి గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. అప్పుడే దానికి పేరు పెడతారు. పేరు వచ్చిందాకా మనవాళ్లు పట్టించుకోరు, చిక్కంతా అక్కడే. 2015 డిసెంబరు 1న చెన్నైని ముంచిన వానకి పేరే లేదు. ఈ పేర్లు గాలిని బట్టి పెట్టినవి. దారి తెంచేది వాన.

కాబట్టి వాన అంకెలు చూడండి. 24 గంటల్లో 6.5 సెంటీమీటర్లు దాటితే భారీ వర్షం, 11.5 దాటితే అతి భారీ, 20 దాటితే అత్యంత భారీ. వాతావరణ శాఖ జిల్లాలకి ఇచ్చే హెచ్చరిక రంగుల్లో ఎల్లో అంటే కనిపెట్టి ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక ఆలోచన ఆపి జాగ్రత్త పడమని. చెన్నైలో ఉండి మనం తిరువళ్లూరు జిల్లా రంగు మాత్రమే చూస్తాం, ఎందుకంటే ఇక్కడి టీవీ అదే చెప్తుంది. ఆరంబాక్కం దాటితే రాష్ట్రం మారుతుంది, హెచ్చరిక అమరావతి వాతావరణ కేంద్రం నుంచి వస్తుంది. రెండూ చూడాలి.

ఇంకొకటి. "తుఫాను మహాబలిపురం దగ్గర తీరం దాటుతుందంట, మనకేం లేదు" అని ఊళ్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. పొరపాటు. మన వైపు తుఫాను గాలి ఎడమకి, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తీరం దాటే చోటుకి ఉత్తరాన ఉన్నవాళ్లకి గాలి సముద్రం మీద నుంచి వస్తుంది, నీళ్లని మోసుకొస్తుంది. అంటే చెన్నైకి కింద దాటే తుఫానుకి మన తీరం తడిసే వైపున ఉంటుంది. మనకి పైన, ఏ మచిలీపట్నం దగ్గరో దాటితే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, పోటు భయం తక్కువ. అయితే తుఫాను పైకి పోతూ మన ఒడ్డునే రాసుకుంటూ పోయిందంటే ఈ లెక్క పనిచెయ్యదు. 2023లో మిచాంగ్ తుఫాను అట్టానే చేసింది.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. అవి ఓడల కోసం. కృష్ణపట్నంలో మూడో నంబరు వేశారంటే మీ చప్టా మునిగినట్టు కాదు, కానీ ఆ పూట ఊరికి ఒక ఫోన్ కొట్టండి.

3. వెళ్లాలా వద్దా అన్నదానికి గడువు పెట్టుకోండి

వాతావరణ శాఖ తుఫాను అలర్ట్‌ని సుమారు 48 గంటల ముందు, వార్నింగ్‌ని 24 గంటల ముందు ఇస్తుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: అలర్ట్ వచ్చిన రోజు వెళ్లగలిగితే వెళ్తాను. వార్నింగ్ వచ్చాక వెళ్లను, ఎవరెన్ని అన్నా సరే. మధ్యలో "సాయంత్రం దాకా చూద్దాం" అనే రకం నిర్ణయమే మనుషుల్ని చప్టా మధ్యలో నిలబెడుతుంది. వెళ్తే కనీసం నాలుగు రోజులు అక్కడే ఉండేటట్టు సెలవు పెట్టుకుని వెళ్లండి. అదేరోజు తిరిగి రావాలనుకుంటే అసలు బయల్దేరొద్దు.

పెద్దవాళ్లని చెన్నైకి తెచ్చేస్తే పోలా అని మీకు అనిపిస్తుంది. నేనూ అదే అనుకున్నాను. 2023 డిసెంబరు 2, శనివారం. అమ్మనీ నాయననీ కారులో తీసుకొచ్చి మా గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో కూర్చోబెట్టి, చాలా తెలివైన పని చేశానని సంతోషపడ్డాను. ఆదివారం రాత్రి మొదలైన వాన సోమవారం కూడా ఆగలేదు. వీధిలో నీళ్లు, తర్వాత హాల్లో నీళ్లు, కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. మంచం మీద మంచం వేసి అమ్మని పైన కూర్చోబెట్టాం. "ఊళ్లో అయితే మిద్దెక్కి కూర్చునేవాళ్లం కదబ్బయ్యా" అన్నాడు నాయన, నన్ను తిట్టకుండానే తిట్టినట్టు. వేళచ్చేరిలో జనం కార్లని ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టుకునే రోజులివి. చెన్నై అంటే క్షేమం అనే లెక్క వదిలెయ్యండి. మీది మొదటి అంతస్తు పైన ఉండి, దగ్గర్లో కాలవ లేకపోతే తీసుకురండి. లేకపోతే గూడూరులోనో నెల్లూరులోనో మెరక మీద ఇల్లున్న బంధువుల దగ్గర దించడం మేలు. డయాలసిస్ జరుగుతున్నవాళ్లని, నెలలు నిండినవాళ్లని మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రి ఉన్న టౌనుకి ముందే చేర్చండి. వాళ్లకి దారి తెగడం అంటే మామూలు విషయం కాదు.

4. ఊళ్లోనే ఉంటామంటే ఇల్లు సిద్ధం చెయ్యండి

చాలామంది పెద్దవాళ్లు రారు. గొడ్లున్నాయి, కోళ్లున్నాయి, ఇంటికి తాళం వెయ్యడం వాళ్లకి నచ్చదు. వాదించి టైము పోగొట్టుకోకుండా చెయ్యాల్సినవి చెయ్యండి. బీపీ, షుగర్ మాత్రలు పదిహేను రోజులకి సరిపడా ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, కరెంటు పోయాక సీసాని ఎట్టా చల్లగా ఉంచాలో, బయట ఎన్నాళ్లు పనికొస్తుందో మందుల షాపులో ముందే అడిగి చెప్పండి. మా ఇంట్లో తడి ఇసకలో కుండ పెట్టి, దాంట్లో చిన్న డబ్బాలో పెడతాం. మంచినీళ్లు డ్రమ్ములో నింపాలి, ఎందుకంటే కరెంటు లేకపోతే మోటారూ లేదు. గ్యాసు, బియ్యం, పప్పు చూడండి. చిల్లర నోట్లు కొంచెం ఇంట్లో ఉంచండి, ఫోన్ పేలు ఆ నాలుగు రోజులూ పనిచెయ్యవు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా కట్టి అటకెక్కించండి. గొడ్ల పలుపులు విప్పేసి ఉంచమనండి, కట్టేసిన గొడ్డే మునిగిపోతుంది. తుఫాను షెల్టర్ ఏ బడిలోనో, ఎవరి దగ్గర తాళం ఉంటుందో మీకూ తెలిసి ఉండాలి.

ఫోన్ సంగతి. సెల్ టవర్లు కరెంటు పోయాక కొన్ని గంటలే నడుస్తాయి. అందుకని తుఫాను రోజు గంట గంటకీ ఫోన్ చేసి అమ్మ ఫోన్ బ్యాటరీ మీరే తినెయ్యకండి. పొద్దున ఏడు, సాయంత్రం ఆరు అని రెండు టైములు అనుకోండి. కాల్ పోకపోతే ఎస్సెమ్మెస్ పెట్టండి, అది ఎక్కువసార్లు చేరుతుంది. ఊళ్లో ఇంకో ఇద్దరి నంబర్లు రాసిపెట్టుకోండి, ఒకటి ఒక కంపెనీ సిమ్, ఇంకోటి వేరే కంపెనీ సిమ్. ఆంధ్రాలో విపత్తుల కంట్రోల్ రూమ్ నంబర్లు 1070, 112, 1800 425 0101. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే అది తుఫాను కన్ను కావచ్చు, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుందని నాయనకి ఒకసారి గుర్తు చెయ్యండి. 1989లో కావలి తుఫాను చూసినవాళ్లకి మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే మీకు చెప్తారు.

5. బయల్దేరక తప్పకపోతే

రైలా, బస్సా, కారా? ముసురు మామూలుగా ఉంటే సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వైపు పోయే లోకల్ రైలు హాయి. కానీ ఉత్తరం వైపు పోయే రైళ్లకి గండం ఊరి దగ్గర కాదు, ఇక్కడే, సెంట్రల్ దాటగానే. మిచాంగ్ అప్పుడు బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్‌పాడి మధ్య వంతెన దగ్గర నీళ్లు ప్రమాద మట్టం దాటి రైళ్లు ఆపేశారు. స్టేషన్‌కి పోయే ముందు రైల్వే ఎంక్వైరీ 139కి ఫోన్ చెయ్యండి. మాధవరం బస్టాండు నుంచి ఆంధ్రా బస్సులు దొరుకుతాయి. పెద్ద బస్సు, ఆ రూటు తెలిసిన డ్రైవర్. సొంత కారు కంటే నాకు అదే నమ్మకం. బైకు మాత్రం వద్దు. పులికాట్ పక్కన అడ్డగాలికి బైకు నిలవదు.

కారులోనే అయితే తెల్లారాక బయల్దేరి, చీకటి పడకముందే చేరాలి. ట్యాంకు నింపుకోండి. టార్చి, తాడు, నీళ్లు, బిస్కెట్లు, పాత దుప్పటి వేసుకోండి. హైవే మీద చెట్టు పడినా, లారీ బోల్తా పడినా 1033కి చెప్పవచ్చు. మ్యాపు "ఇటు పోతే ఇరవై నిమిషాలు కలిసొస్తుంది" అని పల్లెదారిలోకి తిప్పుతుంది. వినొద్దు. ఆ దారిలోనే చప్టాలన్నీ ఉంటాయి. ముందు దారి బాగాలేదని తెలిస్తే నాయుడుపేటలోనో గూడూరులోనో లాడ్జి తీసుకుని ఆగిపోండి. ఒక రాత్రి లాడ్జి డబ్బులు కారు ఇంజన్ రిపేరు కంటే ఎప్పుడూ తక్కువే.

చప్టా దగ్గర ఆగి దిగండి. నిలిచిన నీళ్లు వేరు, పారే నీళ్లు వేరు. నిలిచిన నీళ్లయితే ఊరి మనిషి ఒకరు ముందు నడిచి చూపిస్తే, సగం చక్రం లోపు ఉంటే, ఫస్ట్ గేరులో ఆపకుండా పోవచ్చు. పారే నీళ్లలోకి దిగొద్దు, ఎంత తక్కువ కనపడినా సరే. అరడుగు పారే నీళ్లు మనిషిని పడేస్తాయి, అడుగు లోతు చిన్న కారుని పక్కకి జరిపేస్తుంది. ఎదురుగా ట్రాక్టర్ దాటిందని మీరూ దాటగలరని కాదు, దాని చక్రం ఎత్తు మీ బానెట్ అంత. నీళ్ల రంగు మారుతున్నా, చెత్త, కొమ్మలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా పైన నీళ్లు పెరుగుతున్నాయనో, ఎక్కడో గండి పడిందనో అర్థం, వెంటనే వెనక్కి రండి.

నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే, తాళం తిప్పిన ఆ ఒక్క తిప్పుతోనే లోపల రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్సులో దానికి డబ్బులు రావు, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకున్నవాళ్లకి కూడా స్టార్ట్ చేశారని తెలిస్తే పేచీ పెడతారు. దిగి, తోసి, మెకానిక్ కోసం ఆగాలి. పోలీసులు తాడు కట్టిన చోట "మాది పక్క ఊరే సార్" అని బతిమలాడొద్దు. బతిమలాడితే ఒక్కోసారి వదిలేస్తారు కూడా, అదే ప్రమాదం.

6. వాన వెలిశాక తొందరపడకండి

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడ. ఎండ వచ్చింది, బయల్దేరదాం అనుకుంటారు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటిపోయింది. అదే రోజు పైన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లూ, సోమశిల రిజర్వాయరు నుంచి వదిలిన నీళ్లూ పెన్నలో కిందికి వచ్చేసరికి మరో రెండు రోజులు. అప్పుడు నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర హైవే కోతకి గురైంది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఆకాశం చూసి బయల్దేరిన వాళ్లంతా అక్కడ ఇరుక్కున్నారు. చిన్న ఏళ్లకీ ఇదే వరస, కాకపోతే రోజులకి బదులు గంటలు. మీ కాగితంలో "నీళ్లు ఎక్కడివి" అని రాసిన గడి ఇప్పుడు పనికొస్తుంది. పైన రిజర్వాయర్లలో ఎంత వదులుతున్నారో వార్తల్లో చూసి, కింద మీ చప్టాకి ఒక రోజు కలుపుకోండి.

దారి తెరుచుకుందా అని నాయనని అడగొద్దు. ఆయనకి మిమ్మల్ని చూడాలని ఉంటుంది, "తెరుచుకుంది" అనే చెప్తాడు. "ఆర్టీసీ బస్సు ఊళ్లోకి వచ్చిందా?" అని అడగండి. ముందు బైకులు వస్తాయి, తర్వాత పాల వ్యాను, అన్నిటికంటే ఆఖరున బస్సు. బస్సు తిరిగిందంటే రోడ్డు బరువు ఓరుస్తోందని అర్థం. నీళ్లు తీసిన చప్టా పైకి బాగానే కనపడుతుంది, అంచుల కింద మట్టి కోసుకుపోయి డొల్లగా ఉంటుంది. మధ్యలో నడపండి, ఎదురు బండి వస్తే మీరే ఆగండి.

వెళ్లేటప్పుడు దోమల చుట్టలు, కొవ్వొత్తులు, నీళ్లలో వేసే క్లోరిన్ మాత్రలు, పొడి చెప్పులు తీసుకెళ్లండి. రాత్రిపూట టార్చి లేకుండా పెరట్లోకి పోవద్దు, మునిగిన పుట్టల్లోని పాములన్నీ మెరక వెతుక్కుంటూ ఇళ్ల దగ్గరికే వస్తాయి. తెగిపడిన కరెంటు తీగ తడి నేల మీద ఉంటే దగ్గరికి పోకుండా లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యండి. పొలం మునిగితే నీళ్లు తీయకముందే ఫోటోలు తీసి, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వం రాసే పంటల లెక్కలో) పంట నమోదై ఉందో లేదో చూసుకోమని నాయనకి చెప్పండి, లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు అదే అడుగుతారు.

తిరిగి వచ్చేముందు ఆ కాగితం తీసి, ఈసారి ఏ చోట ఎన్నాళ్లు నీళ్లు నిలిచాయో రాసుకోండి. మా దాంట్లో పోయిన ఏడు కొత్త చోటు ఒకటి చేరింది, రొయ్యల గుంటల మలుపు. దాని పక్కన నాయన "మూడు దినాలు" అని రాయించాడు. అమ్మ నాలుగు అంటుంది.